లండన్‌ను ఏటి వెంబడి చూడడం ఎలా: గోదావరి జిల్లాల పెద్దలను తీసుకువెళ్ళేవారికి

మా ముక్తేశ్వరం రేవు చుట్టుపక్కల ఊళ్ళలో లండన్ అన్న మాట ఇప్పుడు కాకినాడ అన్నంత మామూలుగా వినపడుతోంది. కొడుకో కూతురో అక్కడ ఉద్యోగంలో ఉండడం, కాన్పుకో గృహప్రవేశానికో తల్లిదండ్రులు ఇక్కడి నుంచి బయలుదేరడం, వెళ్ళాక సెలవు దొరికిన రెండు మూడు రోజుల్లోనే పేరున్న కట్టడాలన్నీ చూపించెయ్యాలని పిల్లలు ఆరాటపడడం, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి జరిగిపోతాయి. తిరిగి వచ్చినవారిని ఏం చూశారని అడిగితే చాలామంది ఫోన్‌లోని ఫోటోలు చూపిస్తారే తప్ప చెప్పడానికి మాట దొరకదు. అందులో వారి తప్పు లేదు. ఎక్కడా పది నిమిషాలు కుదురుగా నిలబడనివ్వకుండా తిప్పితే ఎవరికైనా అంతే.

నేను మా అమ్మనూ పిన్నినీ తీసుకుని ఒక జూన్ నెలలో వెళ్ళినప్పుడు మొదటి రోజు ఆ పొరపాటే చేశాను. పొద్దున్న టవర్ ఆఫ్ లండన్ కోట, మధ్యాహ్నం సెయింట్ పాల్స్ చర్చి, సాయంత్రం లండన్ ఐ చక్రం, మూడింటికీ ముందుగానే టికెట్లు కొన్నాను. కోటలోని మెలికల రాతిమెట్లు ఎక్కి దిగేసరికి పిన్నికి మోకాళ్ళు పట్టేశాయి. బెంచీ మీద కూర్చోబెట్టి కాళ్ళు నొక్కుతూ ఉండగానే రెండో టికెట్ వేళ దాటిపోయింది, మూడోదానికి వెళ్ళే ఓపిక ముగ్గురిలో ఎవరికీ మిగలలేదు. ఆ రాత్రి కూర్చుని మిగతా రోజుల పట్టికంతా తిరగరాశాను. రోజుకు ఒక్కచోటికే టికెట్ కొని, అదీ పొద్దున్నే లోపలికి వెళ్ళడం, మిగతావాటిని బయటి నుంచి, వీలైతే పడవ మీద నుంచి చూడడం అన్న పద్ధతి ఆ రాత్రి కుదిరింది. లండన్‌లో పేరున్న కట్టడాలు చాలావరకు థేమ్స్ నది ఒడ్డునో, ఒడ్డు నుంచి నడిచి వెళ్ళేటంత దూరంలోనో ఉన్నాయి. ఏటిగట్టు మీద పుట్టి పెరిగినవాళ్ళకు ఏటిని పట్టుకుని ఊరు చూడడం కంటే సులువైన దారి లేదు.

బయలుదేరే ముందు

టికెట్లు ఎప్పుడూ ఆ కట్టడం వారి సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. చాలాచోట్ల తేదీతో పాటు లోపలికి రావలసిన వేళ కూడా టికెట్ మీద ఉంటుంది కాబట్టి ఇంటి నుంచి చేరడానికి పట్టే కాలానికి మరో అరగంట కలుపుకుని వేళను ఎంచుకోవాలి. పెద్దవారికి రాయితీ చాలాచోట్ల ఉంది. వయసుకు రుజువుగా పాస్‌పోర్టు ఫోటో ఫోన్‌లో పెట్టుకుంటే అసలు పాస్‌పోర్టును వీధుల్లో తిప్పవలసిన అవసరం ఉండదు. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ వంటి పెద్ద ప్రదర్శనశాలలకు ప్రవేశ రుసుమే లేదు. అందువల్ల వాన పడిన రోజున, లేదా పెద్దవారికి ఓపిక తక్కువగా ఉన్న రోజున గంటసేపు చూసి వచ్చేసినా డబ్బు పోయిందన్న బాధ ఉండదు.

ఏ నెలలో వెళ్తున్నారన్నది పట్టికను పూర్తిగా మార్చేస్తుంది. జూన్‌లో రాత్రి 9 దాటినా వెలుతురు ఉంటుంది, డిసెంబరులో సాయంత్రం 4 గంటలకే పొద్దుగూకుతుంది. ఎండాకాలంలోనైనా ఏటి గాలి చల్లగా కొడుతుంది కాబట్టి స్వెట్టరు, గొడుగు, మెత్తని అడుగున్న బూట్లు తప్పనిసరి. చీర మీదకి బూట్లేమిటని అమ్మ మొదట మొహమాటపడింది గానీ రెండో రోజు నుంచి తానే ముందుగా వాటిని తొడుక్కునేది.

బస్సుల్లో, ట్యూబ్ అనే భూగర్భ రైళ్ళలో, ఏటి మీద లాంచీల్లో కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, చార్జీ అదే పడుతుంది. మనిషికొక కార్డు ఉండాలన్నది మరిచిపోవద్దు. రైలుకు ఎక్కేచోటా దిగేచోటా అదే కార్డును తాకించాలి, బస్సుకు ఎక్కేటప్పుడు ఒక్కసారే. బస్సుల్లో నగదు తీసుకోరు. గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒకే చార్జీ కాబట్టి పెద్దవారితో ఉన్నప్పుడు రైలు కంటే బస్సే మేలని నా అభిప్రాయం. ట్యూబ్ స్టేషన్లలోని ఎస్కలేటర్లు చాలా లోతుగా ఉంటాయి, వాటిమీద కుడివైపు నిలబడి ఎడమవైపు నడిచేవారికి వదలాలి, అలవాటు లేని కాళ్ళకు అక్కడే బెదురు పుడుతుంది. డబుల్ డెక్కర్ బస్సులో ఊరు చూసినట్టూ ఉంటుంది, కూర్చున్నట్టూ ఉంటుంది. టవర్ ఆఫ్ లండన్ దగ్గర ఎక్కితే 15వ నంబరు బస్సు సెయింట్ పాల్స్ మీదుగా ట్రఫాల్గర్ స్క్వేర్ దాకా తీసుకువెళ్తుంది. నేను టికెట్ పోగొట్టుకున్న ఆ చర్చి గోపురాన్ని పిన్ని ఈ బస్సు కిటికీలో నుంచే తృప్తిగా చూసింది.

వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి లాంచీలో

మొదటి రోజు వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన దగ్గర మొదలుపెట్టండి. పార్లమెంటు, బిగ్ బెన్, లండన్ ఐ, వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే చర్చి అన్నీ అక్కడి నుంచి కనబడతాయి. బిగ్ బెన్ అన్నది నిజానికి లోపలి పెద్ద గంట పేరు. 96 మీటర్ల ఆ గడియార స్తంభానికి 2012 నుంచి ఎలిజబెత్ టవర్ అని పేరు. గంట కొట్టే వేళకు, అంటే గంటకు ఐదు నిమిషాల ముందు, ఏటికి ఆవలి ఒడ్డున బెంచీ చూసుకుని కూర్చుంటే స్తంభం మొత్తం కనబడుతుంది, గంట కూడా వినబడుతుంది. కిందే నిలబడితే మెడ నొప్పి, జనం తోపులాట తప్ప ఏమీ మిగలవు. వంతెన మీద మూడు గిన్నెలు తిప్పి బంతి ఎక్కడుందో చెప్పమనే ఆటగాళ్ళు ఉంటారు. చుట్టూ నిలబడి గెలుస్తున్నట్టు కనిపించేవారు కూడా ఆ గుంపువాళ్ళే కాబట్టి అక్కడ ఆగవద్దు. ఫోన్‌ను రోడ్డు వైపు చాపి పట్టుకోవద్దు, సైకిళ్ళ మీద వచ్చి లాక్కుపోయే దొంగలు ఆ ఊళ్ళో ఎక్కువ.

బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు కాపలా మారే తంతు చూడాలని అందరూ అంటారు. మామూలుగా సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో ఉదయం 11 గంటలకు జరుగుతుంది, వాన పడితే ఆగిపోవచ్చు. ముందు వరుస దొరకాలంటే గంటకు పైగా నిలబడాలి కనుక డెబ్బై ఏళ్ళవారిని అక్కడికి తీసుకువెళ్ళమని నేను చెప్పలేను. వైట్‌హాల్ వీధిలోని హార్స్ గార్డ్స్ దగ్గర గుర్రాల మీది కాపలాదార్లు రోజూ 11 గంటలకు, ఆదివారం 10 గంటలకు మారతారు. జనం తక్కువ, గుర్రాలు దగ్గరగా కనబడతాయి. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే లోపలికి వెళ్ళాలనుకుంటే ఆదివారం పెట్టుకోవద్దు, ఆ రోజు ప్రార్థనలకే గాని సందర్శకులకు తెరవరు.

అక్కడి నుంచి లాంచీ ఎక్కాలి. మన కోటిపల్లి పంటులా కాకుండా ఇది వేగంగా పోతుంది, లోపల అద్దాల కిటికీలు, కుర్చీలు ఉంటాయి. థేమ్స్ వెడల్పు చూసి మనవారు మొదట నిరాశపడతారు. టవర్ బ్రిడ్జి పొడవే సుమారు 240 మీటర్లు, రాజమండ్రి దగ్గర రైలు గోదావరి దాటడానికి పట్టే సేపటితో పోలిస్తే అది ఒక పెద్ద కాలువ లెక్క. కాని ఆ ఏటిలో మన డెల్టావాళ్ళు మాత్రమే వెంటనే పసిగట్టే సంగతి ఒకటి ఉంది. పొద్దున్న మేము రేవు మెట్లు దిగినప్పుడు గోడ మీద మనిషి ఎత్తున పచ్చటి నాచు, దాని కింద బురద కనిపించాయి. సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఆ నాచూ లేదు, బురదా లేదు, నీళ్ళు గోడ అంచుకు వచ్చి నిలిచాయి. అమ్మ రెయిలింగ్ పట్టుకుని కాసేపు చూసి, "ఇక్కడా ఆటూ పోటూ ఉన్నాయేంట్రా అబ్బాయ్, మన యానాం దగ్గర లాగానే ఉందిరా" అంది. నిజంగానే లండన్ బ్రిడ్జి దగ్గర ఆటుకూ పోటుకూ మధ్య తేడా 7 మీటర్ల దాకా ఉంటుంది. అందుకే మీరు కూడా ఒకే రేవును ఒకే రోజున రెండుసార్లు చూసేలా ప్రయాణం అమర్చుకోండి. ఏ కట్టడం ముందూ అంతసేపు నిలబడని మా అమ్మ ఆ గోడ ముందు నిలబడింది.

కోట, కోహినూరు, వంతెన

టవర్ ఆఫ్ లండన్‌కు ఒక పొద్దున్నంతా కేటాయించండి. తెరిచే వేళకు టికెట్ తీసుకుని, లోపలికి వెళ్ళగానే మరేదీ చూడకుండా నేరుగా రాజాభరణాల భవనానికి వెళ్ళాలి. పది దాటితే వరుస పెరిగిపోతుంది. ఆ భవనంలో ఫోటోలు తీయనివ్వరు. కిరీటాల ముందు నేల కదులుతూ మనల్ని ముందుకు జరిపేస్తుంది, చూసినట్టే ఉండి చూపు నిలవదు. కంగారుపడకుండా వెనక్కి వచ్చి మరోసారి ఎక్కవచ్చు, ఎవరూ ఏమీ అనరు. కోహినూరు 1937లో చేసిన రాణీగారి కిరీటంలో ముందు భాగాన ఉంది. మన కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో దొరికిందని ఎక్కువమంది చరిత్రకారులు భావించే ఆ వజ్రం 1849లో పంజాబును ఆక్రమించుకున్నప్పుడు ఇంగ్లీషువారి చేతిలో పడింది. 1852లో దాన్ని మళ్ళీ చెక్కించడంతో బరువు బాగా తగ్గి 105.6 క్యారెట్లకు వచ్చింది. ఇంట్లో పెద్దలకు ఈ కథ ముందురోజు రాత్రే చెప్పి తీసుకువెళ్తే ఆ అర నిమిషం వృథా కాదు, కదిలే నేల మీద నిలబడి చెప్పడానికి వ్యవధి ఉండదు.

కోట కాపలాదార్లే టికెట్‌పై అదనపు రుసుము లేకుండా చుట్టూ తిప్పి కథలు చెబుతారు. ఇంగ్లీషు వేగంగా ఉంటుంది, తెలిసినవారు పక్కన నిలబడి ఒక్కొక్క ముక్క తెలుగులో చెప్పాలి. వైట్ టవర్ లోపలి మెట్లు మాత్రం మోకాళ్ళు సరిగా లేనివారు ఎక్కకూడదు. పచ్చిక మీద తిరిగే నల్లటి మాలకాకులను చూస్తూ వారిని కింద కూర్చోబెట్టండి. అవి కోటను విడిచిపోతే రాజ్యం కూలిపోతుందని అక్కడివారి నమ్మకం. కాకికి పిండం పెట్టే మనకు ఆ మాట వింతగా తోచదు.

కోట బయటికి వస్తే ఎదురుగా టవర్ బ్రిడ్జి. 1894లో తెరిచిన ఆ వంతెన నడిమి భాగం పెద్ద పడవలు వచ్చినప్పుడు రెండుగా చీలి పైకి లేస్తుంది. ఏ రోజు ఏ వేళకు లేస్తుందో వంతెన వారి వెబ్‌సైట్‌లో ముందే ప్రకటిస్తారు. మీరు కోటకు వెళ్ళే తేదీని ఆ పట్టిక చూసుకుని పెట్టుకుంటే పైసా ఖర్చు లేకుండా ఆ దృశ్యం దొరుకుతుంది. పైన అద్దాల నేల మీద నడవడానికి టికెట్ ఉంది గాని, వంతెన లేవడం ఒడ్డు మీద నుంచే బాగా కనబడుతుంది.

అమరావతి రాళ్ళ ముందు

బ్రిటిష్ మ్యూజియం ఏటికి కాస్త దూరం, అయినా తెలుగువారు వదలకూడని చోటు. అన్ని గదులూ తిరగాలని పెట్టుకుంటే మొదటి గంటకే అలసట వస్తుంది. నేను చెప్పేది రెండే చోట్లు. నాలుగో గదిలో, ఈజిప్టు పాత లిపిని చదవడానికి దారి చూపిన రోసెట్టా రాయిని చూసి, అక్కడి నుంచి ఉత్తరం వైపున ఉన్న 33వ గదికి, దానిని ఆనుకుని అద్దాల వెనుక ఉన్న 33ఏ గదికి వెళ్ళండి. అమరావతి స్తూపం శిల్పాలు అక్కడ వందకు పైగా ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంగ్లీషు అధికారి తవ్వించి మద్రాసుకు పంపిన ఆ రాళ్ళు 1859లో లండన్ చేరి, 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. ఆ గది ఆ రోజు తెరిచి ఉందో లేదో లోపలికి వెళ్ళగానే సిబ్బందిని అడిగి, దాన్నిబట్టి మిగతా దారి నిర్ణయించుకోవాలి.

అక్కడ ఒక పలక ముందు తప్పక ఆగండి. ఒకవైపు పూర్తి స్తూపం చెక్కి ఉంటుంది, పూలదండలు చుట్టిన అండం (స్తూపం గుండ్రటి పైభాగం), చుట్టూ ప్రాకారం, ఆకాశంలో ఎగిరే రూపాలతో సహా. అదే పలక వెనుకవైపు అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందు చెక్కిన మరో దృశ్యం ఉంది. చెట్టు, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ నమస్కరిస్తున్న మనుషులు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని కాలం అది. పాత రాయిని పారేయకుండా తిప్పి మళ్ళీ వాడుకున్న ఆ శిల్పులు మనవాళ్ళే కదా అనుకుంటే ఆ గదిలోంచి కదలబుద్ధి కాదు. కోనసీమలోనే ఆదుర్రులో స్తూపం దిబ్బ ఉన్నా మనలో చాలామంది చూడలేదు. లండన్ వెళ్ళబోయే ముందు ఒకసారి ఆదుర్రు వెళ్ళి రావడం మంచిదని నేను అందరికీ చెబుతున్నాను. మట్టి, ఇటుక అక్కడ చూసి, పైన ఉండే రాతి పని ఎలా ఉండేదో ఇక్కడ చూస్తే మనసులో స్తూపం పూర్తవుతుంది.

గ్రీనిచ్, దాని దిగువన

లాంచీ గ్రీనిచ్ రేవులో ఆపుతుంది. 1675లో స్థాపించిన నక్షత్రశాల కొండ మీద ఉంది, ఎక్కుడు దారి మెల్లగా ఎక్కాలి. సున్నా రేఖాంశం అక్కడి నుంచే లెక్కపెట్టాలని 1884లో దేశాల సమావేశం నిర్ణయించింది. ఆ రేఖను చూపే లోహపు గీతకు అటొక కాలు ఇటొక కాలు వేసి ఫోటో దిగడానికి లోపల టికెట్ కొని వరుసలో నిలబడతారు. అదే గీత ప్రాంగణం గోడ కింద బయటి బాట మీద కూడా గుర్తు పెట్టి ఉంది, అక్కడ వరుస లేదు, టికెట్ లేదు. ఫోన్‌లో రేఖాంశం చూస్తే ఆ గీత మీద సున్నా చూపించదు, తూర్పుగా సుమారు 102 మీటర్లు నడిచాకనే చూపిస్తుంది. నేటి ఉపగ్రహాల లెక్కలో గీత అక్కడికి జరిగింది.

పిల్లలు వెంట ఉంటే ఇక్కడ లెక్క చేయించండి. భారతదేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్నిబట్టి నడుస్తుంది, ఆ రేఖ మన కాకినాడకు తూర్పున కొద్ది దూరంలోనే పోతుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కనుక 82.5ను 4తో గుణిస్తే 330 నిమిషాలు, అంటే ఐదున్నర గంటలు. లండన్ గడియారానికీ మనదానికీ ఉన్న తేడా అదే. ఎండాకాలంలో అక్కడి గడియారాలను గంట ముందుకు జరుపుతారు కాబట్టి మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా తేడా నాలుగున్నర గంటలే. నక్షత్రశాల గేటు పక్కన గోడలో 24 గంటల అంకెలున్న పాత గడియారం మాత్రం జరపరు, అందువల్ల జూన్‌లో అది గంట వెనకబడినట్టు కనిపిస్తుంది. అది పాడైపోయిందని పిన్ని అనుకుంది.

ఓపిక ఉంటే గ్రీనిచ్ దాటి వూలిచ్ దాకా వెళ్ళే లాంచీ చూసి ఎక్కండి. అన్నీ అంతదూరం పోవు, ఎక్కే ముందు అడగాలి. దారిలో వెండి టోపీలు పెట్టుకున్నట్టున్న స్తంభాల మధ్య నుంచి పడవ పోతుంది, అదే థేమ్స్ బ్యారియర్. 1953లో ఉత్తర సముద్రపు ఉప్పెన ఇంగ్లండ్ తూర్పు తీరాన మూడు వందల మందికి పైగా ప్రాణాలు తీసిన తరువాత, ఊరు మునగకుండా 520 మీటర్ల పొడవున, పది గేట్లతో దీన్ని కట్టి 1984లో ప్రారంభించారు. మామూలు రోజుల్లో పెద్ద గేట్లు ఏటి అడుగున పడుకుని ఉంటాయి, సముద్రం పొంగినప్పుడు లేచి అడ్డం నిలుస్తాయి. ధవళేశ్వరం బ్యారేజీ 175 గేట్లు పై నుంచి వచ్చే వరదను పట్టి కాలువలకు పంపడానికి ఉంటే, ఇవి కింది నుంచి వచ్చే సముద్రాన్ని ఆపడానికి ఉన్నాయి. టూరిస్టు పుస్తకాలు దీన్ని చివరి పేజీల్లో పెడతాయి. 1996 నవంబరు తుఫానును కోనసీమలో చూసినవారికి మాత్రం ఇది మొదటి పేజీలో ఉండదగిన కట్టడం.

తిండి గురించి రెండు మాటలు. పులిహోర కట్టుకుంటే మధ్యాహ్నం దాకా బాగుంటుంది, ఏటి ఒడ్డున బెంచీల మీద కూర్చుని తినవచ్చు. పంపు నీళ్ళు నేరుగా తాగవచ్చు, ఖాళీ సీసా ఉంటే చాలు. వీధుల్లో మరుగుదొడ్లు కొన్నిచోట్ల డబ్బు అడుగుతాయి కాబట్టి మ్యూజియంలోకి వెళ్ళినప్పుడల్లా అందరూ ఆ పని చూసుకోవాలి. సంచులు అన్నిచోట్లా వెతుకుతారు, చిన్న సంచీతో వెళ్ళండి.

ఇక చివరి రోజు

ఒక్క రోజు మిగిలితే లండన్‌లో మరో కట్టడం కోసం చూడకుండా డార్కింగ్ వెళ్ళండి. వాటర్లూ స్టేషన్ నుంచి గానీ విక్టోరియా నుంచి గానీ సుమారు గంట ప్రయాణం. సర్రే కొండల మధ్య చిన్న ఊరు అది. ధవళేశ్వరం ఆనకట్టను 1847 నుంచి 1852 దాకా కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ చివరి ఏళ్ళు అక్కడే గడిపి 1899లో కన్నుమూశారు, ఆ ఊరి శ్మశానవాటికలోనే సమాధి ఉంది. శ్మశానం పెద్దది, రాళ్ళన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి సమాధి ఏ వైపు ఉందో ముందే తెలుసుకుని వెళ్ళాలి. పూలు ఊళ్ళో కొనుక్కుని వెళ్ళండి. అక్కడ గట్టిగా మాట్లాడకూడదు, ఇతరుల సమాధుల మీద అడుగు పడకుండా బాట వెంటే నడవాలి.

మేము వెళ్ళిన రోజు సన్నగా జల్లు పడుతోంది. గొడుగు పిన్ని పట్టుకుంది. అమ్మ పూలు పెట్టి, చేత్తో రాతి మీది తడి తుడిచి, మా గోదావరి వైపు ఇంటికి వచ్చిన పెద్దలతో మాట్లాడినట్టే మెల్లగా చెప్పింది: "దొరగారూ, కాలవలకి నీళ్ళు వదిలేరండి. నారుమళ్ళు పోత్తన్నారు."